నారింజ తీగలో నిమ్మవాసన

ఏడో భాగం

పోయినవారం మనం కథను వదిలినచోట, లెక్కల టీచరుగారి తెల్లకారు వంతెన నడుమ ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక వస్తున్న పాలవ్యాను దాన్ని గుద్దింది. టీచరుగారికి భుజం ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. కారు ఆగడానికి ముందు తెర మీద ఎర్ర హెచ్చరిక వచ్చిందనీ, అది కొన్ని రోజులుగా వచ్చిపోతూనే ఉందనీ, పట్టించుకోవద్దని వర్క్‌షాపువాళ్ళే తనతో అన్నారనీ ఆయన ఆసుపత్రి మంచం మీది నుంచే చెప్పారు. ఆ మాట అన్నది ఎవరో చదివే మీకు తెలుసు. అన్న మనిషికీ తెలుసు.

ఆ మనిషి ఇప్పుడు అదే కారు కింద నిలబడి ఉంది.

వర్క్‌షాపులో అందరూ ఆమెను స్కానరమ్మ అంటారు. కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, అది చెప్పే తప్పుల చిట్టా చదివి, వాటిలో నిజమేదో అబద్ధమేదో తేల్చడం ఆమె పని. పెట్రోలు బండ్ల కాలంలో ఈ పని చెవులతో జరిగేది. వర్క్‌షాపు యజమాని ఆమెకు మేనమామ. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడిని చెవికి తాకించి, కళ్ళు మూసుకుని జబ్బు పేరు చెప్పేవాడాయన. కరెంటు బండ్లు వచ్చాక ఆ చెవికి పని పోయింది. ఈ బండ్లు దగ్గవు, మూలగవు, పొగ కక్కవు. చెప్పదలచుకున్నదాన్ని తెర మీద ఒక్క వాక్యంగా రాసి ఊరుకుంటాయి. ఆ వాక్యం చదివే బాధ్యత మేనకోడలిది అయింది.

అయితే ఆ వాక్యాలన్నీ నిజం కావు. ఏ సెన్సరుకో చలి చేస్తుంది, ఏ చిన్న బ్యాటరీకో నీరసం వస్తుంది; కారు ఉన్నట్టుండి పది హెచ్చరికలు గడగడా చదివేసి, కట్టేసి మళ్ళీ వేయగానే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. అలాంటి తప్పులకు స్కానరమ్మ రెండేళ్ళ కిందట ఒక పేరు పెట్టింది. దెయ్యం. కనిపించాయంటారు, వెతికితే ఉండవు. బండికి చేసిన పని రాసే జాబుకార్డు చివర ఎర్ర సిరాతో 'దె' అని రాస్తే చాలు, బండికి జబ్బు లేదనీ చిట్టా చెరిపి పంపేయవచ్చనీ అర్థం. ఆ అక్షరాన్ని చూసి వర్క్‌షాపంతా నవ్వుకునేది. పోయినవారం వరకూ.

టీచరుగారి కార్డు మీద ఆ అక్షరం రెండుసార్లు ఉంది.

మధ్యాహ్నం మూడు గంటలకు బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన వచ్చేదాకా కారు జోలికి వెళ్ళవద్దని మామయ్య చెప్పి ఉన్నాడు. కానీ ఉదయం నుంచీ ఆమెకు ఆ ఎర్ర అక్షరాలే కళ్ళలో ఆడుతున్నాయి. పదిన్నర దాటాక, మామయ్య ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్న సమయం చూసి, కారును లిఫ్టు మీద పైకి లేపింది. ప్రధాన కరెంటును కట్టేసింది. కంపెనీ నియమం చెప్పినంతసేపూ గడియారం చూస్తూ ఆగింది. మీటరు సున్నా చూపించాక, మందపాటి రబ్బరు తొడుగుల చేతులతో, బ్యాటరీ పెట్టె నుంచి మోటారుకు వెళ్ళే లావుపాటి నారింజరంగు కేబుల్‌ను పట్టుకుంది. మనిషిని నిలువునా మాడ్చగల కరెంటు నడిచేది అందులోనే. దూరంగా ఉండమని చెప్పడానికే దానికి ఆ రంగు. ఆ కరెంటు కారు ఒంటికి అంటకుండా ఒక సెన్సరు క్షణం రెప్పవేయకుండా కాపలా కాస్తుంది. అంటబోతోందనిపిస్తే ఎర్ర హెచ్చరిక వేస్తుంది. మరీ అంటితే సరఫరానే కట్టేస్తుంది.

వంతెన మీద ఆ సెన్సరు కట్టేసింది. దానికి పిచ్చి పట్టిందనే అందరూ నమ్మారు, ఆమెతో సహా.

కేబుల్ మూతి దగ్గరి బిగింపు విప్పి, మెల్లగా లాగింది. లోపల పూర్తిగా పొడిగా ఉండాలి. ఉండలేదు. రబ్బరు వలయానికి అవతల, రాగి మెరిసేచోట, నీటి చుక్క ఒకటి నిలబడి ఉంది. చుట్టూ సన్నని తెల్లటి పొర. వాననీరు చొరబడిందనుకుని తెల్లగుడ్డ ముక్కతో అద్దింది. అద్ది, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

నిమ్మవాసన.

వానకు నిమ్మవాసన ఉండదు. గుంటల నీటికి ఉండదు. ఆ వాసన ఈ ఆవరణలోనే, వెనకవైపు కడిగే చోట, నీలం పీపాలోని షాంపూకు ఉంది. ఆమె తొడుగులు విప్పడం కూడా మరచి, కార్డుల పెట్టె దగ్గరకు నడిచింది.

గడచిన రెండు నెలల కార్డులన్నీ బల్ల మీద పరిచి, ఎర్ర అక్షరం ఉన్నవాటిని పక్కకు తీసింది. పదకొండు వచ్చాయి. అంతకుముందు ఏడాది మొత్తం కలిపినా అన్ని లేవు. ఆ పదకొండింటి మీదా, ఎర్ర 'దె' పక్కనే, నీలం పెన్సిలుతో గీసిన ఒక నీటిబొట్టు బొమ్మ ఉంది. బండి కడిగేవాడు రాతకు బద్ధకించి వేసే గుర్తు అది. కడిగిన బండ్లన్నిటికీ దెయ్యం పట్టలేదు. దెయ్యం పట్టినవన్నీ కడిగినవే.

టీచరుగారి కార్డును మళ్ళీ చదివింది. మొదట మామూలు సర్వీసుకు వచ్చింది, కడిగి పంపారు. నాలుగు రోజులకు ఎర్ర హెచ్చరికతో తిరిగి వచ్చింది. ఆమె చెరిపింది, వాళ్ళు కడిగారు. వారానికి మళ్ళీ వచ్చింది; మళ్ళీ చెరిపింది, మళ్ళీ కడిగారు. వచ్చిన బండిని మురికిగా పంపడం మామయ్య ఇంటా వంటా లేదు. జబ్బు చెప్పుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఆ కారుకు జబ్బును ఇంకో గుక్క తాగించి పంపించారు.

కడిగే చోట నీళ్ళ బాబాయ్ ఒక నీలం కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల సందులు తోముతున్నాడు. మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆవరణలో నీళ్ళపని ఆయనదే. పసిపిల్లకు పోసినట్టు పోస్తాననీ, తన చేతిలో పడిన బండి పెళ్ళిచూపులకు కూడా పనికొస్తుందనీ చెప్పుకుంటాడు. ఆమె పంపు కట్టేయమని సైగ చేసింది. అడుగుభాగం ఎలా కడుగుతున్నావని అడిగింది.

ఆయనకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. రెండు నెలల కిందట మామయ్య కొన్న కొత్త పంపును నిమిరి చూపించాడు. పాత గొట్టంతో అడుగున మట్టి వదిలేది కాదట. ఇప్పుడు సన్నమూతి బిగించి, పడుకుని, పైకి గురిపెట్టి కొడితే సందుసందుకూ వెళుతుందట. నీళ్ళు సిమెంటును కూడా చెక్కేస్తాయట. ఆ మాట అంటుంటే ఆయన ముఖం వెలిగింది.

నారింజరంగు కేబుల్ ఉన్నచోట కూడా కొడతావా అని అడిగింది.

"అక్కడే ఎక్కువ కొడతాను తల్లీ. ఆ రంగు మీద మట్టి ఉంటే ఎంత అసహ్యంగా ఉంటుందో."

ఆమె గుడ్డముక్కను ఆయన చేతిలో పెట్టింది. ఎక్కడి నుంచి తీసిందో చెప్పింది. ఆయన వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఏదో అనబోయి, లిఫ్టు మీది తెల్లకారు వైపు చూశాడు. ఆయన్ను ఆ క్షణంలో తిట్టాలని ఆమెకు అనిపించలేదు. తన ఎర్ర సిరా లేకపోతే ఈ నీలం బొట్టు రెండో బండితోనే పట్టుబడేది. అడుగున కొట్టవద్దని చెప్పి, గుడ్డముక్కను తిరిగి తీసుకుని వెనుదిరిగింది.

"అయితే తల్లీ," అన్నాడు బాబాయ్ వెనక నుంచి, "మొన్న మీ అక్క బండి?"

ఆమె ఆగిపోయింది.

"అక్క బండి కాస్త బాగా కడుగు బాబాయ్ అన్నావు కదా. రెండుసార్లు కొట్టాను. అడుగున."

అక్కకు కారు కొత్త, భయం పాతది. మొన్న సాయంత్రం సర్వీసు చేసి తాళం చేతికిస్తున్నప్పుడు, తెర మీద ఏదైనా వస్తే ఏం చేయాలని అక్క పదేపదే అడిగింది. స్కానరమ్మ నవ్వింది. ఎరుపు వచ్చినా భయపడవద్దంది. పక్కకు ఆపి, కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ వేయమంది. అవి ఉత్త దెయ్యాలంది. ఈ ఉదయం ఎనిమిదింటికి అక్క కొండ అవతలి ఊరికి బయలుదేరింది. నిన్న అక్కడి ఆసుపత్రిలో కంటి ఆపరేషను చేయించుకున్న అత్తగారిని ఇంటికి తీసుకురావడానికి. ఆ పెద్దావిడకు ఒక కంటికి కట్టు. రెండో కంటి చూపు ముందునుంచీ అంతంతమాత్రం.

ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. బండి నడిపేటప్పుడు అక్క ఫోను ఎత్తదు. సంచి అడుగున పడేసి, సంచిని వెనక సీట్లో పెడుతుంది. అలా చేయమని నేర్పింది కూడా చెల్లెలే.

అక్క కారు యాప్ తన ఫోనులోనే ఉంది, అక్కకు చేతకాదని తానే పెట్టుకుంది. తెరిచింది. మ్యాపు మీద చిన్న చుక్క తిరుగుదారిలో ఘాటురోడ్డు దిగుతోంది. కింద హెచ్చరికల వరుస. తొమ్మిదీ నలభైకి విద్యుత్ వ్యవస్థలో లోపం. తొమ్మిదీ నలభై రెండుకు సరి అయింది. పదీ ఇరవై అయిదుకు లోపం. పదీ ఇరవై ఏడుకు సరి. పదీ యాభైకి లోపం. పదీ యాభై రెండుకు సరి. ప్రతిసారీ రెండేసి నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ మలుపుల రోడ్డులో, లోయ పక్కన, కంటికి కట్టుతో ఉన్న అత్తగారికి ధైర్యం చెబుతూ, అక్క చెల్లెలి మాటను పాఠంలా పాటిస్తోంది. హెచ్చరికకూ హెచ్చరికకూ మధ్య దూరం మాత్రం తరిగిపోతోంది.

మామయ్య గాజుగదిలో ఉన్నాడు. ఆమెను చూడగానే, టీచరుగారి కార్డు కోసమే పిలవబోతున్నానన్నాడు. ఇన్‌స్పెక్టరుకు ఏం చెప్పాలో అప్పటికే కుదుర్చుకున్నాడు. సెన్సరు లోపం, కంపెనీ భాగం, మనకు సంబంధం లేదు. కార్డు మాత్రం కొత్తది రాయాలి. ఎర్ర అక్షరాలు లేకుండా.

ఆమె గుడ్డముక్కను ఆయన ముందు పెట్టింది. పదకొండు కార్డులూ పెట్టింది. ఏం చూసిందో చెప్పింది. మామయ్య గుడ్డను ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. పది రకాల షాంపూలు వాసన చూసి ఆ నిమ్మవాసనను ఎంచుకున్నది ఆయనే. ఆయన చేయి మెల్లగా కిందికి దిగింది.

"వాననీళ్ళేమో," అని నీళ్ళు నమిలాడు.

ఆమె కార్డుల మీది నీలం బొట్లను వేలితో చూపించింది.

మామయ్య లేచి తలుపు వేశాడు. ఇది బయటికి పొక్కితే షాపుకు తాళమేనన్నాడు. తొమ్మిదిమంది పనివాళ్ళను లెక్కపెట్టాడు. బాబాయ్ ఈ వయసులో ఎక్కడికి పోతాడన్నాడు. రేపటి నుంచి అడుగున కడగడం మానేద్దామన్నాడు. మిగతా బండ్లను ఏదో వంక పెట్టి ఒక్కొక్కటిగా పిలిపించి ఆరబెడదామన్నాడు. అన్నీ చెప్పి, ఆమె కళ్ళలోకి చూడకుండా ఆఖరి మాట అన్నాడు.

"కార్డుల మీద ఉన్నది నీ చేతిరాత. నన్ను కాదు, ముందు నిన్నే అడుగుతారు."

"అడగనీ మామయ్యా. చెప్తాను."

"ఏమని చెప్తావ్?"

"సెన్సరు నిజమే చెప్పింది, నేనే నమ్మలేదని."

ఆయన కోపంతో ఒంటికాలి మీద లేవబోయాడు. అప్పుడామె తన ఫోనును ఆయన వైపు తిప్పింది. తెర మీద చుక్క ఇంకా కదులుతోంది. అక్క బండి అని మాత్రమే అంది. మొన్న కడిగారని అంది. పెద్ద మేనకోడలిని చంటిపిల్లగా భుజాన మోసిన మనిషి ఆ మూడు లోపాలనూ, ఆ మూడు రెండేసి నిమిషాలనూ చదివాడు. వెనక ఉన్న కుర్చీని చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు.

"ఫోన్ చెయ్యి," అన్నాడు. "ముందు దానికి చెయ్యి. ఇంకా చూస్తావేంటి?"

"చేస్తూనే ఉన్నాను, ఎత్తట్లేదు. మిగతా పది బండ్లూ ఎవరో ఒకరి అక్కవే మామయ్యా."

బయట పంపు ఆగి ఉండటం వల్ల ఆవరణ మొత్తం బోసిగా ఉంది. మామయ్య కార్డులను దగ్గరికి లాక్కున్నాడు. చించేస్తాడని ఆమె అనుకుంది. ఆయన టీచరుగారి కార్డును తీసి విడిగా పెట్టి, మిగిలిన పదింటిని రెండు కుప్పలు చేశాడు. అయిదు ఆమె వైపు తోశాడు. కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీది ఫోను అందుకుని, మొదటి కార్డులోని నెంబరు కొట్టాడు. అవతలివాళ్ళు పలికాక తన పేరు చెప్పుకున్నాడు. బండి ఇంట్లో ఉంటే బయటికి తీయవద్దన్నాడు. మనిషిని పంపి తామే లాగించుకుంటామన్నాడు. ఎందుకని అడిగినట్టున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా వల్ల తప్పు జరిగిందండీ."

ముప్ఫై ఏళ్ళలో ఆ గొంతులో ఆ వాక్యాన్ని ఆమె వినలేదు. ఇంజను జబ్బు చెప్పినంత స్పష్టంగా చెప్పాడు. ఆమె గుండెలో ముడి ఒకటి వదులయింది. రెండోది వదులు కాలేదు, ఎందుకంటే మ్యాపు మీది చుక్క అప్పుడే ఆగింది.

కొండ దిగువన, పెద్దరోడ్డులో కలిసేచోట ఆగింది. ఆగిన చుక్క పక్కన నాలుగో లోపం వెలిగింది. రెండు నిమిషాలు గడిచాయి. సరి కాలేదు. మూడు గడిచాయి. అయిదు గడిచాయి. మామయ్య నాలుగో నెంబరు కొడుతూ కొడుతూ వేలు ఆపి ఆమె ముఖం చూశాడు.

ఫోను మోగింది. అక్క.

"ఏంటే చిన్నీ, పద్నాలుగుసార్లు చేశావు? ఇంట్లో ఏమైంది?"

ఇంట్లో ఏమీ కాలేదంది. ఎక్కడున్నావంది. అక్క గొంతులో అలసట ఉంది కానీ భయం లేదు. కొండ కింద చార్జింగు దగ్గర ఆగిందట. ఇక్కడ ఇప్పుడే వాన వెలిసిందట. చార్జరు తగిలిస్తే ఎక్కడం లేదట. చార్జింగు స్తంభం మీద కూడా ఎర్ర లైటే వస్తోందట. అక్కడి కాపలాదారు మంచివాడట. సెన్సరు పోయి ఉంటుంది, పీకి మళ్ళీ పెట్టమన్నాడట.

"అచ్చం నువ్వు చెప్పినట్టే చెప్పాడే. మూడోసారి పెడుతున్నా."

కారు ఒంటికి కరెంటు అంటడం ఒక తప్పు. ఆ ఒక్కదానితో మనిషికి ఏమీ కాదు; రెండోది కలిస్తేనే ప్రాణం మీదికి వస్తుంది, బండినీ తడినేలనూ ఒకేసారి తాకిన మనిషిలోంచి కరెంటు పారుతుంది. ఇది స్కానరమ్మ పుస్తకంలో చదువుకున్న మొదటి పాఠం. నీళ్ళు రెండుసార్లు కొట్టిన ఆ బండి అడుగున తప్పులు ఒకటో రెండో ఇక్కడి నుంచి చెప్పగల మనిషి లేడు. స్తంభం కరెంటు ఇవ్వనన్నది కాబట్టి ఏమీ కాదనే అనుకోవచ్చు. కానీ అనుకోవడమనే పనిని ఆమె రెండు నెలలుగా చేస్తూనే ఉంది.

"అక్కా, విను. ఆ కేబుల్ వదిలెయ్. బండిని ముట్టుకోకు. పది అడుగులు వెనక్కి జరుగు."

"ఎందుకే? దెయ్యాలేగా అన్నావు."

"నేను చెప్పింది తప్పక్కా."

అవతల అడుగుల చప్పుడు. చెప్పుల కింద నీళ్ళు చిందిన చప్పుడు. జరిగానని అక్క అంది. అత్తయ్యగారు ఎక్కడని చెల్లెలు అడిగింది. లోపలే, వెనక సీట్లోనేనట, నిద్రపోతున్నారట. అలాగే ఉండమని చెప్పమంది. తలుపునూ కిటికీనీ ముట్టుకోవద్దని, కూర్చున్నచోటు నుంచి కదలవద్దని దూరం నుంచే చెప్పమంది. మామయ్య ఫోను పెట్టేసి, లేచి వచ్చి, ఆమె భుజం పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాడు.

అక్క ఫోనును పక్కకు పెట్టి గట్టిగా పిలవడం వినిపించింది. అత్తయ్యా, కదలొద్దు, అక్కడే ఉండండి అంది. నిద్రలో ఉన్న మనిషికి అది ఎలా వినిపించిందో ఏమో. అవతల టక్కున ఏదో తెరుచుకున్న చప్పుడయింది. ఆ చప్పుడు స్కానరమ్మకు తెలుసు. రోజుకు నలభైసార్లు వింటుంది.

"చిన్నీ," అంది అక్క. "నా అరుపుకు అత్తయ్య ఉలిక్కిపడి తలుపు తీసేసింది. చెయ్యి తలుపు మీదే ఉంది. నేల కోసం కాలు తడుముతోంది. కనబడట్లేదు, వచ్చి పట్టుకో అమ్మాయ్ అని నన్నే పిలుస్తోంది. పట్టుకోనా, వద్దా? తొందరగా చెప్పు."